గంటకు ముప్పై ఆరు అడుగుల వరద

ఆ శనివారం ఉదయం నాంచారమ్మ సంకల్పం చాలా చిన్నది. సగ్గుబియ్యం వడియాలు ఎండాలి. మరునాడు మత్తూరులో తమ్ముడి కూతురి సీమంతానికి చేరాలి. పోయినసారి అంగడి వడియాలు తీసుకెళ్లి మరదలితో మాట పడింది. మేడ మొత్తాన్ని భర్త పెట్టించిన సోలార్ పలకలు ఆక్రమించుకున్నందున, జూజువాడిలోని తమ ఇంటి వాకిట్లోనే పాత పంచెలు పరచి, ఎనిమిది వందల వడియాలు పెట్టింది.

తొమ్మిదిన్నరకు వీధి ఎగువన ఒక ట్యాంకర్ లారీ ఆగింది. దాని వాల్వు ఊడి, పశువుల దాణా ఫ్యాక్టరీకి పోవలసిన బెల్లపు మడ్డి నల్లగా, చిక్కగా, ఏ తొందరా లేకుండా వాలు వెంట దిగసాగింది.

"అయ్యో, ఈడికే వస్తాంది! పంచెలు ఎత్తేద్దాం రండప్పా!" అని అరిచింది నాంచారమ్మ.

"పచ్చి వడియాలు ఎత్తితే ముద్దయిపోతాయి. కంగారు పడకు," అన్నాడు భర్త అశ్వత్థప్ప. ముప్పై నాలుగేళ్లు భౌతికశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్న ఆయన దృష్టిలో కంగారు అనేది లెక్కలు రానివారి జబ్బు. సుద్దముక్కతో రోడ్డుపై గీతలు గీసి, గడియారం చూసి, తీర్పును గేటు మీద రాసి వినిపించాడు. పది నిమిషాలకు ఆరడుగులు. గేటుకు నూట నలభై నాలుగు అడుగులు. మడ్డి ఒకటిన్నరకు గాని రాదు. వడియాలు పన్నెండుకే ఎత్తడానికి వీలుగా ఆరిపోతాయి.

"దీన్ని స్నిగ్ధత అంటారు. ద్రవం ఎంత చిక్కనైతే తన నడకను తానే అంతగా అడ్డుకుంటుంది."

"అదేమో అడ్డుకుంటాది. మీరు నా ఎండకు అడ్డం లేకుండా జరగండి."

పదిన్నరకు ఎండ ముదిరింది. వేడికి మడ్డి పలచబడి నడక రెట్టింపయింది. అశ్వత్థప్ప ఒకటిన్నరను చెరిపి, పన్నెండు అని గంభీరంగా రాశాడు. అంతలో లారీ డ్రైవరు మారియప్ప, చేసిన తప్పు దిద్దుకుందామని, ఎవరింటి పైపో లాగి రోడ్డు కడగడం మొదలుపెట్టాడు. నీళ్లు కలిసిన మడ్డి ఒక్కసారిగా పరుగందుకుంది.

"ఏం చేసినావయ్యా! స్నిగ్ధత పోయింది!"

"పోతే పోనీ సార్. అది లారీలో యాడుంటాదో చెప్పండి, ఫిట్టరుతో కొత్తది ఏయిస్తా."

గేటుకు ఇరవై అడుగులు మిగిలాయి. అశ్వత్థప్ప పక్కింటి అంజినమ్మ కొట్టం వైపు చెయ్యి చాచి, "తవుడు! దీన్ని వెంటనే చిక్కబరచాలి!" అని గర్జించాడు.

"సార్, బెల్లంలో తవుడు కలిపితే నా ఆవులు..."

"ఆవుల సంగతి తర్వాత చూద్దామమ్మా. ఇది శాస్త్రం!"

నాలుగు బస్తాలు గుమ్మరించారు. మడ్డి ముద్దకట్టి, గేటుకు జానెడు దూరంలో ఆగిపోయింది. వీధివారు చప్పట్లు కొట్టారు. అశ్వత్థప్ప గేటుకు వీపు ఆనించి, స్నిగ్ధత గురించి మొదటినుంచి వివరించసాగాడు.

వాసన తగిలిన అంజినమ్మ ఆవులు ఏడూ పలుపులు తెంపుకున్నాయి. వెనుక వీధివి మరో ఐదు వాటితో కలిశాయి. అవి మొదట తవుడు గట్టును తిన్నాయి. తరువాత వక్తను పక్కకు నెట్టి, గేటు తోసుకుని, వడియాలను తిన్నాయి. ఒక ఆవు పంచెను కూడా వదలలేదు.

నాంచారమ్మ ఆవులను తోలడానికి ఎత్తిన చీపురు కింద పడేసి అడిగింది: "ఇవి ఎన్ని గంటలకు వస్తాయని రాసినారప్పా?"

అశ్వత్థప్ప సుద్దముక్కను జేబులో వేసుకున్నాడు. అయినా ఆయనకు దక్కవలసిన గౌరవం దక్కాలి: మడ్డి ఒక్క వడియాన్ని కూడా తాకలేదు.