పళ్ళ డాక్టరు బస్టాపు హామీ

ఆ సాయంత్రం వార్డు సభ ఉంది. మధ్యాహ్నం దాకా క్లినిక్ చూసుకుని, కాసేపు నడుం వాల్చి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్ళాలని పళ్ళ డాక్టరు అనుకున్నాడు. నగర కౌన్సిల్‌కు పోటీ చేయడం ఆయనకు ఇదే మొదలు. తండ్రి సిటీ బస్సు కండక్టరు. ఆ జీతంతోనే చదువుకుని, ఏళ్ళ తరబడి అదే వీధిలో పళ్ళు పీకుతున్నాడు. కాలువలకు మూతలు, పార్కులో దీపాలు అందరూ చెప్పేవే. మార్కెట్ మలుపులోని బస్టాపును కాస్త అవతలికి జరపాలన్నది మాత్రం ఆయన సొంత పట్టుదల. అక్కడ బస్సు ఆగిందంటే వెనక రోడ్డంతా ఆగిపోతుంది.

చిక్కల్లా బస్టాపును ఆనుకుని ఉన్న పళ్ళ కొట్టుతోనే. జనం పోతే బేరం పోతుందని కొట్టాయన ఒప్పుకోడేమోనని డాక్టరు భయం.

ఆ పొద్దున మొదటి పేషెంటు సరిగ్గా ఆ కొట్టాయనే. జ్ఞానదంతం సలుపుతోంది. డాక్టరు మత్తు సూది వేసి, పట్టకారు నోట్లో పెట్టి, ఇదే అదననుకున్నాడు.

"బస్టాపు జరుపుదామంటాను. మీకు సమ్మతమేనా?"

"ఆఁ!"

"మొహమాటానికి అనట్లేదు కదా?"

"ఆఁ... ఆఁ!"

పన్ను ఊడొచ్చింది. డాక్టరు పొంగిపోయి, దూది కరిపించి, "సాయంత్రం దాకా నోరు తెరవొద్దు" అని పంపించాడు.

"బావా, ఇలాంటివి దాచుకోకూడదు" అంటూ కౌంటరులో ఉన్న బావమరిది వార్డు వాళ్ళ ఫోన్ గ్రూపులో సంగతి పెట్టేశాడు. అది నాలుగు వీధులు తిరిగేసరికి బస్టాపుతో పాటు కొట్టు కూడా లేచిపోయింది. ఇంకో వీధి దాటాక కొట్టు కూల్చడానికి మనుషులు బయల్దేరారు.

కొట్టాయన భార్య పరుగున వచ్చేసరికి మొగుడు బుట్టల మధ్య బుగ్గ పట్టుకుని కూర్చున్నాడు. నొప్పికి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

"అయ్యో, ఏడుస్తున్నావా! నువ్వు ఒప్పుకున్నావా?"

ఆయన తలూపాడు.

"చూశారా, ఎంత బెదిరించారో! ఇంకా తలూపుతూనే ఉన్నాడు!" అని ఆవిడ మార్కెట్టంతటికీ వినిపించేలా అరిచింది. ఆయన చేతులు అడ్డంగా ఊపాడు. "ఊరుకోమంటున్నాడు పాపం, అంత భయం" అన్నారు చుట్టూ చేరినవాళ్ళు.

మధ్యాహ్నానికి క్లినిక్ ముందు జనం. డాక్టరుకు నడుం వాల్చే యోగం లేకపోయింది.

"ఆయన నిజంగానే ఒప్పుకున్నాడే" అన్నాడు భార్యతో.

"నోట్లో పట్టకారు పెట్టి అడిగితే 'ఆఁ' అనక ఇంకేమంటాడండీ?" అందావిడ.

ఆ ముక్క డాక్టరుకు అప్పటిదాకా తట్టలేదు.

సభలో మైకు అందగానే రెండు చేతులూ జోడించాడు. "తప్పు నాదే. ఆయన ఒప్పుకోలేదు. నేనే పొరబడ్డాను. నా కంఠంలో ప్రాణం ఉండగా ఆ బస్టాపును ఎవరినీ అంగుళం కదపనివ్వను!"

చప్పట్లు మోగిపోయాయి. డాక్టరు చెమట తుడుచుకుని ఊపిరి పీల్చుకున్నాడు. అంతలో పళ్ళ కొట్టాయన జనాన్ని తోసుకుంటూ వేదికెక్కి, నోట్లో దూది ఊసేసి, మైకు లాక్కున్నాడు.

"నేను ఒప్పుకున్నానండీ బాబూ! నిండు మనసుతో ఒప్పుకున్నాను! బస్సు కోసం చూసేవాళ్ళంతా నా బుట్టల మీద ఆనుకుని కాయలు నలిపేస్తారు. కొనేవాడికి లోపలికి దారే ఉండదు. ఇన్నేళ్ళలో నన్ను అడిగిన మనిషి ఈయనొక్కడే. ఈయన కూడా ఇప్పుడు మాట తప్పుతాడా?"

కొట్టాయన భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. డాక్టరు ఏదో చెప్పబోయాడు. ఈలోగా పోటీలో ఉన్న సిమెంటు కొట్టు యజమాని కుర్చీలోంచి లేచి, "నన్ను గెలిపించండి, నెల తిరక్కుండా నేను జరిపిస్తాను!" అన్నాడు. ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి.

ఆయనే గెలిచాడు, అన్నట్టే జరిపించాడు. కొత్త బస్టాపు ప్రారంభానికి డాక్టరును కూడా పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టారు. మాట్లాడమని మాత్రం ఎవరూ అడగలేదు.