నోరు విప్పని పరీక్షాధికారి

ఆ రోజు పొద్దున్నే ఇల్లు సర్దేసి, పరీక్ష గట్టెక్కి, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చాలని తోడమ్మ అనుకుంది.

కాన్పు గదిలో నొప్పులు పడే మనిషి పక్కన కూర్చుని, నడుము రాసి, చెయ్యి పట్టుకుని ధైర్యం చెప్పడం ఆమె పని. అటు డాక్టరూ కాదు, ఇటు మంత్రసానీ కాదు. డౌలా అంటారట. ఆ మాటకు నోరు తిరగనివాళ్లు తోడమ్మ అని పేరు పెట్టుకున్నారు. ఇన్నాళ్లూ ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. ఇప్పుడు ప్రభుత్వం కళ్లు తెరిచింది. శిక్షణ పొంది, పరీక్ష నెగ్గి, కార్డు తెచ్చుకున్న డౌలాలనే లోపలికి రానిస్తారు. కార్డు లేకపోతే ఇంటివాళ్లలో ఒక్కరికే చోటు.

శిక్షణ బుద్ధిగానే పూర్తి చేసింది కానీ తోడమ్మ పరీక్షలో బోల్తా పడింది. రబ్బరు బొమ్మకు ధైర్యం చెప్పమంటే నవ్వు ఆపుకోలేకపోయింది. సరే, ఇంకొక్క అవకాశం ఇస్తాం, అధికారిని ఇంటికే పంపిస్తాం అన్నారు. ఇదీ తప్పితే మళ్లీ ఏడాది దాకా పరీక్ష లేదు. కోడలికి చూస్తే నెలలు నిండాయి.

"మీ అబ్బాయీ ఉండాలి, మీరూ ఉండాలి అత్తయ్యా. ఇద్దర్లో ఎవర్నీ బయట నిలబెట్టలేను" అని ఆ పిల్ల మొన్న చెయ్యి పట్టుకుని అడిగింది. తల్లి లేని పిల్ల. తోడమ్మ సరేనని మాటిచ్చేసింది.

ఈసారి బొమ్మ బదులు గర్భిణి వేషానికి మొగుడే ఒప్పుకున్నాడు. ఆయన డ్రిల్లు మాస్టారుగా రిటైరైనవాడు. ఏ పనీ సగం సగం చెయ్యడు. పొట్టకు దిండు కట్టుకుని, ముందుగదిలో మంచమెక్కి, తెల్లారినప్పటి నుంచీ మూలుగులు సాధన చేస్తున్నాడు.

గంట మోగింది. గుమ్మంలో ఓ యువకుడు సంచీని గుండెకు హత్తుకుని నిలబడ్డాడు. ముఖం పాలిపోయింది, చొక్కా చెమటకు తడిసిపోయింది. నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. ఇలాంటి ముఖాలను తోడమ్మ ఆసుపత్రి వరండాల్లో కోకొల్లలుగా చూసింది. భార్య తొలి కాన్పుకు సిద్ధంగా ఉన్న మొగుళ్లందరూ ఇలాగే ఉంటారు.

"నొప్పులు మొదలయ్యాయా బాబూ?"

అతను లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. అందులో అబద్ధమేమీ లేదు. నిజానికి ఆ అబ్బాయే పరీక్షాధికారి. ఉద్యోగంలో అదే మొదటి రోజు. గడప దాటింది మొదలు పరీక్ష ముగిసేదాకా అభ్యర్థితో పెదవి విప్పకూడదని నిబంధన. దాన్ని అతను ప్రాణంలా పట్టుకున్నాడు. తన గుర్తింపు కార్డు చూపిద్దామంటే, ఈలోగా తోడమ్మ సంచీ లాక్కుని బీరువా మీద పెట్టేసింది. అతన్ని వెనకగదిలో కూర్చోబెట్టి, పాంటు మోకాళ్లదాకా మడిచి, పాదాలు గోరువెచ్చటి నీళ్లలో పెట్టించింది. మెల్లగా ఊపిరి వదలమని వీపు నిమిరింది. అతను వదిలాడు. హాయిగానే ఉంది.

మళ్లీ గంట మోగింది. ఈసారి ఇస్త్రీ చొక్కా, కళ్లజోడు, చేతిలో తోలుపెట్టె ఉన్న పెద్దమనిషి వచ్చాడు. కొడుకు పిలిపించిన ఫ్రిజ్ మెకానిక్ ఆయన. ఆ సంగతి తోడమ్మకు కొడుకు చెప్పలేదు. అధికారి ఈయనే అనుకుని మంచం పక్కనే కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఆమె మాస్టారి నడుము రాయడం మొదలుపెట్టింది.

"ఇంకొంచెం ఓర్చుకో తల్లీ" అంది.

మాస్టారు ఇల్లెగిరిపోయేలా కేక పెట్టాడు. పొట్ట కుండలా ఉబ్బి మెలికలు తిరుగుతున్న ముసలాయన్ను, తాపీగా నడుము రాస్తున్న పెళ్లాన్ని చూసి మెకానిక్‌కు ఇక కూర్చోబుద్ధి కాలేదు. వరండాలోకి వెళ్లి అంబులెన్సుకు ఫోను చేశాడు.

బండి వచ్చింది. ఇద్దరు మనుషులు మాస్టారిని స్ట్రెచర్ మీదికి ఎత్తారు. ఇది కూడా పరీక్షలో భాగమే కాబోలనుకుని ఆయన ఇంకా గట్టిగా మూలిగాడు. గుమ్మం దగ్గర దిండు జారి కిందపడింది. కేకలకు బయటికొచ్చిన కోడలు అది చూసి గోడ పట్టుకుని పడీపడీ నవ్వింది. ఉన్నట్టుండి నవ్వు ఆపేసింది.

"అత్తయ్యా, ఉమ్మనీరు పోయినట్టుంది."

మాస్టారు దిగాడు, కోడలు ఎక్కింది. తోడమ్మ మెకానిక్ ముందు చేతులు జోడించింది.

"పరీక్ష మధ్యలో వదిలేస్తున్నానయ్యా. తప్పిస్తే తప్పించండి. నేనీ పిల్లతో వెళ్లాలి."

"వెళ్లండమ్మా. ఫ్రిజ్ రేపొచ్చి చూస్తాను" అన్నాడాయన.

మరి అధికారి ఏడని తోడమ్మ చుట్టూ చూసింది. అంతలో వెనకగది కుర్రాడు తడికాళ్లతో పరుగెత్తుకొచ్చి, సంచీలోంచి తన గుర్తింపు కార్డు తీసి ఆమె కళ్లముందు పెట్టాడు. పెదవి మాత్రం విప్పలేదు. బండెక్కి, రమ్మని చెయ్యి ఊపాడు.

ఆసుపత్రిలో, మాస్టారి ఫోను అందుకున్న కొడుకు అప్పటికే ఎదురుచూస్తున్నాడు. కాన్పు గది గుమ్మంలో నర్సు తోడమ్మను ఆపి కార్డేదని అడిగింది. నర్సు అభ్యర్థి కాదు గనుక కుర్రాడి నోరు పెగిలింది.

"ఈవిడ పరీక్షలో ఉన్నారు. అయిపోయిందని నేను చెప్పేదాకా ఆపడానికి లేదు."

తల్లీకొడుకులిద్దరూ లోపలికి వెళ్లారు. సాయంత్రం తోడమ్మ మనవరాలిని ఎత్తుకుని బయటికొచ్చేసరికి, మడిచిన పాంటుతో అతనింకా గోడవారనే నిలబడి ఉన్నాడు. బిడ్డను చూసి కళ్లు తుడుచుకున్నాడు.

"పరీక్ష అయిపోయిందండీ. నెగ్గారు."

తోడమ్మ అతని తల నిమిరింది. "చల్లగా ఉండు నాయనా. ఇంతకీ మీ ఆవిడకి ఎప్పుడు?"

"నాకింకా పెళ్లి కాలేదండీ."

ఆ తర్వాత ఏ డౌలా ఇంటికి పరీక్షకు వెళ్లినా అతని సంచీలో కాళ్లు తుడుచుకునే తువ్వాలు ఒకటి ఉంటోంది. ఎందుకని పైఅధికారులు ఇంతవరకూ అడగలేదు.