పద్మకుమారి పథ్యం

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు, ఒక సోమవారం పొద్దున్నే, టాటానగర్ స్టేషన్ పార్సిల్ గుమాస్తా కూర్మారావు కూతురి కంచం పక్కనుంచి నేతి గిన్నె తీసేశాడు. తొమ్మిదేళ్ల పద్మకుమారి నలభై ఆరు కిలోలుంది, నాలుగు మెట్లెక్కితే రొప్పుతోంది. ఇప్పుడే ఆపకపోతే పెద్దవాళ్ల జబ్బులన్నీ చిన్నప్పుడే చుట్టుకుంటాయని డాక్టరు కేకలేశాడు. నెలలో మూడు కిలోలు తగ్గించి చూపిస్తానని ఈయన మాటిచ్చి వచ్చాడు. "సూడండి, నా సంపాదన!" అంటూ బొద్దుగా ఉన్న ఆ పిల్లనే తాముండే పర్సుడీహ్ పేటంతా తిప్పింది కూడా ఈయనే.

"నెయ్యి బంద్, జిలేబీ బంద్. సాయంత్రం మన క్వార్టర్ల లైను సుట్టూ రెండు సక్కర్లు పరిగెట్టాల," అని హుకుం జారీ చేశాడు.

"ఎదిగే పిల్లకి ఇదేటి శిచ్చ?" అని భార్య గౌరీదేవి ముక్కు చీదుతూ కుళాయికి వెళ్లింది. పక్కింటి జోగమ్మ "ఏటయినాదే గౌరీ?" అని అడిగితే, ఇంట్లో నెయ్యి మానేశామని మాత్రం చెప్పింది. డాక్టరు మాట ఎత్తితే పిల్లకేదో రోగమని పుకారు పుడుతుందని ఆవిడ భయం. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లుండే ఆ క్వార్టర్లలో నెయ్యి మానడానికి ఒక్కటే కారణం తెలుసు, చేతిలో డబ్బాడకపోవడం. సాయంత్రానికల్లా కుళాయి దగ్గరే కూర్మారావును ఉద్యోగంలోంచి సస్పెండు చేసేశారు.

మర్నాటి నుంచి పద్మ పరిగెత్తే దారిలో, లైను వెనకవైపు, గుమ్మానికొకరు కాపు కాశారు. "ఓలమ్మీ, ఎంత సిక్కిపోనావే! ఇటు రా," అంటూ ఒకరు పూరీ, ఒకరు హల్వా, జోగమ్మ రోజూ రెండేసి అరిసెలు. కూర్మారావు ఇంటి ముందు మంచం మీద కూర్చుని చక్కర్లు లెక్కపెట్టేవాడు. వారం తిరిగేసరికి "నాన్నా, ఏక్ ఔర్ చక్కర్ లగావూఁ?" అని ఇంకో చక్కర్ కోసం పిల్లే అడిగింది. ఇంత మోజు పుట్టించింది తానేనని ఆయన మీసం దువ్వుకున్నాడు.

మూడో ఆదివారం తెలుగు సంఘం అధ్యక్షుడు ఆదిబాబు పదిమందిని వెంటేసుకుని, బియ్యం బస్తా, డాల్డా డబ్బా మోయించుకుని వచ్చాడు.

"నామోషీ పడకు తమ్ముడూ. సస్పెన్సన్ సంగతి యూనియన్ సూసుకుంటాది. పిల్ల కడుపు మాడ్చకు."

"నన్నెవుడు సస్పెండు సేసేడు? పిల్ల లావు తగ్గాలని డాక్టరు సెప్పేడు!"

"లావు జబ్బెలాగవుద్ది బాబూ? కతలు సెప్పకు," అంది వెనకనుంచి జోగమ్మ.

అందరూ జాలిగా చూశారు. ఆ జాలికి కూర్మారావు ఒళ్లు మండిపోయింది. "నలబయ్యారుండేది, ఈపాటికి నలబై మూడుకి దిగుంటాది. కాటా మీదే సూపిత్తాను, రండి!" అని జనాన్నంతా పార్సిల్ ఆఫీసుకు లాక్కెళ్లి, పద్మను సామాన్లు తూచే కాటా ఎక్కించాడు. ముల్లు యాభై దగ్గర ఆగింది.

కూర్మారావు ముల్లును వేలితో తట్టి చూశాడు. ఆదిబాబు మాత్రం ఆయన్ని కావలించుకున్నాడు. "నాలుగు కిలోలు పెరిగినాదిరా! ఉజ్జోగం పోనోడి ఇంట్లో పిల్ల ఇలాగుంటాదేటి? మాదే తప్పు!"

జనం చప్పట్లు కొట్టారు. కాటా మీదనుంచే పద్మ, "నాన్నా, కల్ భీ దౌడూఁ?" అని రేపటి పరుగు గురించి ఆశగా అడిగింది. అవునని పథ్యం సాగిస్తే పిల్ల బాగుపడుతుంది, ఇప్పుడే నిలబడిన పరువు మళ్లీ పడిపోతుంది. కూర్మారావు అటూ ఇటూ చూశాడు.

"పరుగెందుకే? నా ఇంట్లో నేతికి లోటేటి?" అన్నాడు, అందరికీ వినబడేలా.

నెలాఖరుకు డాక్టరుకిచ్చిన గడువు వచ్చింది. కూర్మారావు డాక్టరును మార్చాడు.