రెండు జట్ల ఎలుగుదొర

ఒక పెద్ద అడవిలో తిండికి కరువొచ్చినా ఫుట్‌బాల్‌కి మాత్రం ఏనాడూ కరువు రాలేదు. ఏటా ఎండలు ముదిరే ముందు కప్పు పోటీ జరిగేది. కప్పంటే ఓ చెక్కముక్క, దాని మొహం ఎవరూ చూడరు. అసలు సంగతి నీళ్ళది. వేసవిలో అడవి మొత్తానికీ ఒకటే గుండం. గెలిచిన జట్టూ, దాని యజమానీ ముందు తాగుతారు. తర్వాత మిగతావాళ్ళు. ఫైనల్లో ఓడిన జట్టు యజమాని మాత్రం అడవంతా తాగాకే తాగాలి. కావాలని ఓడిపోయే దొంగలు పుడతారని పెద్దలు ముందే పెట్టిన కట్టుబాటది.

ఒక ఏడు జింకలు గెలిచేవి, ఒక ఏడు అడవిపందులు, ఇంకో ఏడు వాగొడ్డు జట్టు. అందరికీ వంతు వచ్చేది.

అలా సాఫీగా సాగితే కథేముంది? ఎలుగుదొరకి ఫుట్‌బాల్ మీద ప్రేమ పుట్టింది.

ఆ అడవిలో డబ్బంటే తేనె. తేనెపట్లున్న చెట్లన్నీ ఎలుగుదొరవే. ఎలా వచ్చాయని అడక్కండి, అడిగినవాళ్ళెవరూ ఇప్పుడు ఆ చుట్టుపక్కల లేరు. ఆట గురించి ఆయనకి తెలిసింది ఒక్కటే, బంతి గుండ్రంగా ఉంటుందని. అదీ ఎవరో చెబితే తెలిసింది. అయినా ఓ జట్టు కొన్నాడు. ఆ తర్వాత మిగతా జట్ల మీద పడ్డాడు.

వాగొడ్డు జట్టుకి కోచ్, యజమాని, వంటమనిషి అన్నీ ముంగిస పైడమ్మే. దొర ఆవిడ గట్టుకి వచ్చాడు.

"నీ కుందేలుకి నాలుగు కుండలిస్తా."

"అది అమ్మకానికి లేదు దొరా."

"సరే. అమ్మకానికి లేని కుందేలుకి ఎనిమిది."

కుందేలు అప్పటికే మూట సర్దుకుని వచ్చింది. "కోపం పెట్టుకోకు పైడమ్మత్తా, పిల్లలుగలదాన్ని," అంది. దాన్నేమంటాం? పైడమ్మ పెట్టేది చిలగడదుంపలు, అవీ దొరికిన రోజునే.

గోల్‌కీపర్ కొండముచ్చునీ కొన్నాడు దొర. ఆయన దగ్గర అప్పటికే ముగ్గురు గోల్‌కీపర్లున్నారు.

"మరి దీన్నేం చేసుకుంటారు దొరా?"

"ఏం చెయ్యను. నీ గోల్ ముందు లేకపోతే చాలు."

కొండముచ్చు దొరగారి బెంచీ మీద పేలు ఏరుకుంటూ బలిసింది.

ఇక ఏటా దొరే గెలిచాడు. గెలిచి, తాగి ఊరుకున్నాడా? గుండంలో దిగి దొర్లేవాడు. మిగతావాళ్ళకి మిగిలేది బురద. ఓ వేసవి ఆ బురద తాగి పైడమ్మ చిన్నకూతురు వాంతులు పట్టి చావుతప్పి బయటపడింది. పైడమ్మ కడుపు మండి ఆటల సంఘానికి పరుగెత్తింది.

సంఘం కార్యదర్శి నక్క మూతికంటిన తేనె తుడుచుకుంది. "ఘోరం! అన్యాయం! ఇవాళే సమన్యాయం తెస్తున్నాం. ఇకపై ఎవరు సంపాదించిన తేనె వాళ్ళే ఖర్చుపెట్టాలి. అప్పు తెచ్చి ఆటగాణ్ణి కొంటే జట్టు రద్దు."

"తేనెచెట్లన్నీ ఆయనవే కదయ్యా!"

"అందుకే ఆయన అప్పు చెయ్యడు. చూసి నేర్చుకోండి, ఏం క్రమశిక్షణ!"

అడవి చప్పట్లు కొట్టింది. సిగ్గూ ఎగ్గూ లేని చప్పట్లు. పక్క అడవిలో కుండెడు తేనె అప్పు తెచ్చాయని వారం తిరక్కుండా జింకల జట్టు రద్దయింది. ఆటగాళ్ళు చాలక పందులూ చేతులెత్తేశాయి.

మరుసటి ఏడు దొర జట్టుకి ఎదురు మిగిలింది వాగొడ్డు జట్టొక్కటే. అందులో ఉన్నది ఓ ముసలి తాబేలు, రెండు ఉడతలు.

"మేం ఆడం," అంది పైడమ్మ. "పదహారు గోల్స్ తిని బురద తాగేకంటే, ఊరికే కూర్చుని బురద తాగుతాం."

దొర నక్క దగ్గరికి పరుగెత్తాడు. ఎదురు జట్టు లేకపోతే ఫైనల్ లేదు. ఫైనల్ లేకపోతే మొదటి గుక్కా లేదు.

నక్క చెవిలో ఊదింది. "దొరా, తమ బెంచీ మీదే అయిదు జట్లున్నాయి. ఒకదాన్ని అటు నిలబెడదాం. రెండూ తమవే, ఇక ఓటమన్న మాటే ఉండదు!"

దొర మురిసి ఇంకో కుండ ఇచ్చాడు.

ఫైనల్ చూడ్డానికి పిట్ట కూడా రాలేదు. కొట్టేదీ దొరే, తినేదీ దొరే, చూసేదేముంది? కుందేలు ఓ గోల్ కొట్టింది. అటువైపు నిలబెట్టిన కొండముచ్చు ఆవలిస్తూ వదిలేసింది. అంతే, కప్పు దొరది.

గుండం దగ్గర ఏనుగు కాపలా. "గెలిచిన యజమాని ఎవరు?"

"నేనే," అని దొర మూతి ముందుకు పెట్టాడు.

"ఓడిన యజమాని ఎవరు?"

"ఆయనే!" అని వెనకనుంచి పైడమ్మ అరిచింది.

"అయితే చిట్టచివరికి నడవండి," అంది ఏనుగు.

"నేనెవరో తెలుసా?"

"తెలుసు. ఇద్దరూ మీరే."

నక్కను పిలిచారు. నక్క దొర వైపు చూసింది, దాహంతో పళ్ళు నూరుతున్న అడవి వైపు చూసింది, గొంతు సవరించుకుంది. "గెలిచిన హోదాలో దొరవారు అందరికంటే ముందు నీళ్ళు నోట్లో పోసుకోవచ్చు. ఓడిన హోదాలో అందరూ తాగాకే మింగాలి."

దొర బుగ్గలు నింపుకుని ఎండలో నిలబడ్డాడు. గుటక పడబోయినప్పుడల్లా ఏనుగు తొండం ఎత్తింది. తిడదామంటే నోట్లో నీళ్ళాయె! దొర్లేవాడు లేక గుండం తేటగా ఉంది. కుందేలూ వాళ్ళూ తాగి వెళ్ళాక వాగొడ్డు వంతొచ్చింది. పైడమ్మ చిన్నకూతురు గబగబా తాగబోయింది.

"మెల్లగా తాగమ్మా," అంది పైడమ్మ. "దొరవారు ఆగుతారు."

పొద్దుగూకేసరికి గుండంలో అడుగు తేలింది. నోట్లో కాగిన ఆ ఒక్క గుక్కే దొరకి దక్కింది.

మరుసటి ఏడు దొర ప్రతి గట్టుకీ ఓ తేనెకుండ పంపి, మీటింగు పెట్టి గొంతు చించుకున్నాడు. "ఆటకి ప్రాణం పోటీ! చిన్న జట్లు బతకాలి!"

పైడమ్మ కుండలోకి తొంగిచూసింది. "ఇదెంతకొస్తుంది దొరా?"

"మీరు ఆడేటంత."

"గెలిచేటంత?"

"అంత అత్యాశ పనికిరాదమ్మా!"

అడవి మళ్ళీ చప్పట్లు కొట్టింది.

నీతి: డబ్బుతో గెలవాలనుకునేవాడు ముందు ఓడేవాళ్ళను మేపుకోవాలి.