మీటరు కోసం పెట్టిన ఫొటో

బాలనర్సింహ లాల్‌దర్వాజాలో పాల వ్యాపారం చేస్తాడు. ప్రాణం మాత్రం ఇంటి ముందున్న పాత మిలిటరీ జీపు మీదే. మహేందర్ అనే బ్రోకరు దగ్గర కొన్న ఆ జీపులో స్పీడు మీటరు తప్ప అన్నీ ఒరిజినలేనని ఆయన నమ్మకం. ఆ మీటరు కోసం వెతకని కొట్టు లేదు. ఆదివారం పొద్దున ఈ సంగతేదో తేల్చేద్దామని, పాత జీపుల వాట్సాప్ గ్రూపులో డ్యాష్‌బోర్డు ఫొటో పెట్టి, "ఒరిజినల్ మీటర్ కావాలె, అర్జంట్" అని ఇంటి అడ్రసుతో సహా రాసి, పాలు పొయ్యడానికి వెళ్ళాడు. మీటరు లేని బొక్క పక్కనే ఉన్న ఇంజన్, ఛాసిస్ నంబర్ల రేకు కూడా ఫొటోలో పడింది.

తిరిగొచ్చేసరికి ఎవడో జీపులో తల దూర్చి ఆ రేకు స్క్రూలు విప్పుతున్నాడు.

"ఏయ్, దొంగ!" అంటూ బాలనర్సింహ పాల క్యాను ఎత్తాడు.

"దొంగనా? ఇంట్ల అడిగే విప్పుతున్న!" అని అంతకంటే గట్టిగా అరిచాడు వచ్చినవాడు. పేరు సీమోను. అదే గ్రూపులో సభ్యుడు.

భార్య ఆండాలు గడపలోకి వచ్చింది. "మిలిటరీ సామాను కోసం వచ్చిన అన్నడు. పాత సామానోడు అనుకొని మొత్తం తీస్కపో అన్న. దీంతోని గల్లీల ఆటో గూడ పోతలేదు!"

"నా జీపును పాత సామానోనికి ఇస్తవా?" బాలనర్సింహ గొంతుకు గల్లీ అంతా బయటికొచ్చింది.

"జర ఆగన్నా! ఈ రేకు మీదున్న ఇంజన్ నంబరు నా జీపు ఇంజన్ది. రేకు నాదే," అంటూ సీమోను తన బండి కాగితం ఆడించాడు.

"నోర్ముయ్! నా ఇంజన్ ఒరిజినల్!"

బాలనర్సింహ బానెట్ ఎత్తి, ఇంజన్ మీది జిడ్డును అంగీ కొసతో తుడిచి చూశాడు. మళ్ళీ తుడిచాడు. ఆ నంబరు వేరే. ముఖం కందగడ్డలా అయింది.

"మరి రేకు మీది ఛాసిస్ నంబరు, కింది చట్రంది? అది నా బండిదే! నీ ఛాసిస్ నంబరెంత, చెప్పు!"

సీమోను తన కాగితంలో వెతికి చూశాడు. అందులో ఛాసిస్ నంబరు వేరే. రేకు మీది రెండు నంబర్లూ ఒక్క జీపువే. ఆ జీపు ఛాసిస్ ఇక్కడ, ఇంజన్ సీమోను దగ్గర. సీమోనుకు అమ్మింది కూడా మహేందరే.

ఇద్దరూ ఒకేసారి ఫోన్లో తిట్టారు. మహేందర్ ఓపిగ్గా విన్నాడు.

"ఏంది లొల్లి? ఒక్క ఒరిజినల్ జీపుతోని ఇద్దరిని ఖుష్ చేసిన. తప్పా?" అని ఫోన్ పెట్టేశాడు.

"నీ ఇంజన్ నాకియ్యి!"

"నీ ఛాసిసే నాకియ్యన్నా!"

మిట్టమధ్యాహ్నం దాకా జీపుకు చెరో పక్క కుర్చీ వేసుకొని ఇద్దరూ ఆ రేకుకు కాపలా కాశారు. మంచినీళ్ళకు కూడా ఒక్కరూ లేవలేదు.