హైక్ అంటే దిగడమే

మా ఊళ్ళో మెట్లున్నాయని మంత్రిగారు మొన్న ప్రకటించారు. తమిళనాడులో బోడినాయకనూరు దాటాక కొండను పట్టుకుని వేలాడే తెలుగువాళ్ళ ఊరు మాది. ఆ మెట్లను ఇన్నాళ్ళూ ఇళ్ళకు పోయే దారి అనుకున్నాం. మా తెలివి అంతే. అది ‘హెరిటేజ్ అర్బన్ హైక్’ అట!

చేర్మన్ బాలసుందరంగారు అహోరాత్రులు శ్రమించారు. మెట్ల మీద పాచి గీకించారు. సున్నం కొట్టించారు. మేకలను వేరే వీధికి ట్రాన్స్‌ఫర్ చేశారు. అన్నిటికన్నా ఘనకార్యం, అడుగు నుంచి కొస దాకా పట్టుకుని ఎక్కి దిగడానికి ఇనుప గొట్టాల కైపిడి పెట్టించారు.

కొసమెట్టు ఇంటి తిరుమలమ్మాళ్ అవ్వ దాన్ని తడిమి తడిమి చూసింది. మోకాళ్ళు పోయాక అవ్వ ఊళ్ళోకి దిగేది ఓటు రోజునే. పార్టీవాళ్ళు కుర్చీలో దించి, కుర్చీలో ఎక్కించేవాళ్ళు. అవ్వ కైపిడి అడగని ఎలక్షన్ లేదు.

“చూస్తివా తంబీ, నేను పోయేలోపలే పెట్టిరి! ఇంక కింద చెల్లెలింటికి నా కాళ్ళతో నేనే పోయివస్తా,” అంది నాతో.

హైక్ నాడు మంత్రిగారు వెనక ఘాట్ రోడ్డున జీపులో కొండపైకి విచ్చేశారు.

“మంత్రిగారు మెట్లు ఎక్కరా సార్?” అన్నాను చేర్మన్‌తో.

“హైక్ అంటే దిగడమేనయ్యా. ఎక్కేది ప్రజలు చూసుకుంటారు.”

మంత్రిగారు అవ్వను “బాగుండారా?” అని తెలుగులో అడిగి, మిగతా ప్రసంగం తమిళంలో చేశారు. అవ్వకు కళ్ళు చెమర్చాయి.

“నేనూ వస్తా సామీ.”

“రండి, రండి! కెమెరా ఇటు!”

ఒక చేత కైపిడి, ఒక చేత కొంగు. మెట్టుమెట్టుకూ ఆగి, అవ్వ దిగనే దిగింది. చప్పట్లు! మెడలో పతకం వేశారు. మంత్రిగారి కార్లు కదిలాయి.

అవ్వ పతకం చూపించడానికి చెల్లెలింటికి పోతానంటే నేనూ తోడు పోయాను. కాఫీ తాగి వచ్చేసరికి కైపిడి లేదు. పందిరి కాంట్రాక్టర్ సత్యరాజ్ ఆఖరి గొట్టాన్ని ట్రాక్టర్‌లో వేయిస్తున్నాడు.

“ఇదేమిరా అబ్బయ్యా!”

“బాడుగ గొట్టాలు అవ్వా. రేపు ఉడుమలైపేటలో పెళ్ళి పందిరికి కావాల.”

అవ్వ అడుగుమెట్టు మీద కూలబడింది. అటుగా పోతున్న చేర్మన్‌గారు కారాపి మరీ దిగారు. ఎంత మంచి మనసో!

“నాయనా బాలసుందరం, ఆ ఓటు కుర్చీ తెప్పించు. ఇంటికి పోవాల.”

చేర్మన్‌గారు మెట్ల పైకి చూశారు. అవ్వను చూశారు. దీర్ఘంగా ఆలోచించారు.

“పోలింగ్ బూత్ ఇక్కడే కదా అవ్వా,” అన్నారు. “ఈసారి ఎలక్షన్‌కు మోసే పని తప్పింది.”