కోళ్ల గూటి పెంకులు, పిడుగు స్టార్ పిడికిలి

ఆ ఆదివారం పొద్దున జంగమ్మ పెట్టుకున్న పనులు మూడే. వాన పడకముందే కోళ్ల గూటి కప్పు బాగుచేయాలి. అల్లుడికి ఇష్టమని కొర్రమట్ట చేపల పులుసు పెట్టాలి. పదకొండింటికల్లా సాగర్ రోడ్డు మీద కొత్తగా పెట్టిన కరాటే స్కూలుకు పోయి, సినిమా హీరోకు కొట్లాట రాదని ఊరి ముందు తేలిపోతుంటే ముందు వరుసలో కూర్చుని చూడాలి. మూడింటిలో గూటి పనే తేలికనుకుంది. మనిషి బోల్తా పడేది ఎప్పుడూ తేలిక పని దగ్గరే.

అసలు ఈ హీరో గొడవ మొదలైంది మొన్న శుక్రవారం, మిరుగు నాడు, అంటే మృగశిర కార్తె మొదలైన రోజు. మిరుగు నాడు చేప తినని ఇల్లు ఇబ్రహీంపట్నంలో ఉండదు. బస్టాండు పక్కన ముప్పై ఏళ్లుగా చేపలమ్మే జంగమ్మకు ఆ రోజు మంచినీళ్లు తాగే తీరిక కూడా ఉండదు. అంత రద్దీలో వచ్చాడు మల్లేష్. సెల్‌ఫోన్ల దుకాణం అతనిది. పిడుగు స్టార్ వజ్రకాంత్ అభిమాన సంఘానికి మండల అధ్యక్షుడు కూడా. హీరో గడ్డం ఎట్లా ఉంటే అతని గడ్డం అట్లా ఉంటుంది.

"పెద్దమ్మా, రెండు కిలోల బొచ్చె జోకు. జర జల్దీ. ఆదివారం మా హీరో వస్తుండు, కరాటే స్కూలు షురూ చెయ్యనీకి. మస్తు పనులున్నయి."

"వస్తె రానియ్యిరా. మా అల్లుడు రోజు చూసే మొఖమే గదా."

జంగమ్మ అల్లుడు ఐలేష్ సినిమాల్లో ఫైటర్. ఫైటర్ అంటే కొట్టేవాడని ఊళ్లో చాలామంది అనుకుంటారు కానీ, ఆ పని చేసేవాళ్లకు తెలుసు, ఫైటర్ అంటే కొట్టించుకునేవాడు.

"అవ్, రోజు చూస్తడు, రోజు తంతరు," అన్నాడు మల్లేష్. "పోయిన సినిమాల మా హీరో ఒక్క గుద్దు గుద్దితె మీ ఐలేషన్న గోడ పలగ్గొట్టుకొని అవుతల వడ్డడు. ఊకెనే కాదు పెద్దమ్మా, నాలుగు బ్లాక్ బెల్టులున్నయి మా హీరోకు!"

చేపలకు నిలబడ్డవాళ్లంతా నవ్వారు. జంగమ్మ కత్తిపీట మీద చేప అట్లాగే ఆగిపోయింది. అల్లుణ్ణి ఆమె ఏమైనా అనొచ్చు; ఇంకొకరు అంటే ఊరుకునే మనిషి కాదు.

"నాలుగు బెల్టులెందుకురా, ఏసుకునే లాగు ఒక్కటే గదా? మీ హీరో కాలు లేపితె ఎనక తాళ్లు కట్టి నలుగురు గుంజుతరు. గుద్దితె ఆ గుద్దు జానెడు దూరంల ఆగుతది. మిగిలిందంత మా అల్లుడే పడతడు. గంగమ్మ తల్లి సాచ్చిగ చెప్తున్న, మీ వజ్రకాంతు చేతికి ఈగ గూడ సావది!"

ఆ మాట మల్లేష్ ఫోనులోకి ఎక్కింది. మధ్యాహ్నానికి యాచారం పోయింది, మూడింటికి మీర్‌పేట్ పోయింది, చీకటి పడకముందే హీరో మేనేజర్ చెవిన పడింది. సాయంత్రం మల్లేష్ మళ్లీ వచ్చాడు. ఈసారి వెంట పదిమంది.

"పెద్దమ్మా, ఆదివారం మా హీరో అందరి ముంగట ఒట్టి చేతితోని నాలుగు పెంకలు పగలగొడతడట. పగిలితె ఏంజేస్తవ్?"

"మీ హీరో ఫ్లెక్సీ తెచ్చి నేనే కట్టుకుంట. పగలకపోతె నువ్వు ఆ గడ్డం గీకిచ్చుకోవాలె."

"ఖాయం?"

"ఖాయమే పోరా. నలుగురి ముంగట చెప్పిన మాట జంగమ్మ ఎన్నడన్న తప్పిందా?"

అదే వేళకు ఇంట్లో ఐలేష్ ఫోను మోగింది. మేనేజర్ అరవలేదు. అరిస్తే బాగుండేదనిపించేంత మెత్తగా మాట్లాడాడు.

"ఐలేష్, మీ అత్తగారు బాగా మాట్లాడతారు. ఆదివారం మన సినిమా పెంకులు నాలుగు నువ్వే తీసుకురా, నువ్వే పట్టుకో. అంతా బాగా జరిగితే వచ్చే సినిమాకు నువ్వు అసిస్టెంట్ ఫైట్ మాస్టర్‌వి, సార్ మాట ఇచ్చారు కదా. తేడా వస్తే ఆ మాటా ఉండదు, ఫైటర్ పనీ ఉండదు."

పన్నెండేళ్లుగా పడుతున్నాడు ఐలేష్. మేడ మీంచి పడ్డాడు, గుర్రం మీంచి పడ్డాడు, ఒకసారి కదలని బస్సు కింద కూడా పడ్డాడు. రెండు పక్కటెముకలు అతికించినవే. వంగితే నడుము మూలుగుతుంది. భార్య నర్మదకు ఏడో నెల, పుట్టింట్లోనే ఉంది; పది రోజులుగా ఐలేష్ మకామూ అక్కడే. అసిస్టెంట్ మాస్టర్ అయితే ఇక తాను పడనక్కర్లేదు, పడడం ఇంకొకరికి నేర్పితే చాలు. ఆ ఇద్దరూ మూడేళ్లుగా ఎదురుచూస్తున్నది ఆ ఒక్క మాట కోసమే.

"అమ్మకు మాత్రం చెప్పకు," అంది నర్మద. "అమ్మకు చెప్పుడు, మైకుల చెప్పుడు ఒక్కటే."

శనివారం ఐలేష్ షూటింగు సామాన్ల గోదాముకు పోయి, గోనె సంచిలో నాలుగు పెంకులు తెచ్చి వసారాలో మూలకు పెట్టాడు. చూడడానికి అచ్చం బెంగుళూరు పెంకులే. కానీ అవి సుద్దతో పోసి ఎర్ర రంగు కొట్టినవి. గట్టిగా తుమ్మితే పగులుతాయి.

ఆదివారం పొద్దున జంగమ్మ ఆ సంచి విప్పి చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. గూటి కప్పు మార్చమని పది రోజులుగా అల్లుడి చెవిలో ఇల్లు కట్టుకుంది. అతను ఊ అనేవాడు, అటు తిరిగి పడుకునేవాడు. నోటితో చెప్పకుండా తెచ్చి పెట్టాడు, ఎంత బంగారం లాంటి అల్లుడు!

గూడు చిన్నది, నాలుగు పెంకులకే నిండుతుంది. పాతవి దింపి కొత్తవి కప్పింది. ఒక్కోటి చేతిలోకి తీసుకుంటే అప్పడం లెక్క తేలుతోంది. "ఈ కాలపు పెంకలు గిట్లనే ఉంటయి, ఈ కాలపు మనుషుల లెక్క," అనుకుంది తప్ప ఇంకో ఆలోచన రాలేదు.

ఇక పాతవి. వాటికి పెద్ద కథే ఉంది. జంగమ్మ అత్త సుక్కమ్మ, చెరువు అలుగు పారిన ఏడు, నాదర్‌గుల్‌లో ఎవరిదో ఇల్లు విప్పుతుంటే రెండు తట్టల ఎండు చేపలిచ్చి మారుగా తెచ్చుకున్న పెంకులవి. సుక్కమ్మ పోయింది, ఆమె ఇల్లు పోయింది, పెంకులు మాత్రం ఉన్నాయి. పైన కొమ్మ విరిగి పడ్డా బీట వారలేదు. పక్కకు జారి సందుల్లోంచి నీళ్లు కారడమే తప్ప వాటికి వేరే రోగం లేదు. అట్లాంటివి పారేయడానికి చేతులెట్లా వస్తాయి? ఖాళీ అయిన గోనె సంచిలోనే వాటిని పెట్టి, మూతి కట్టి, మళ్లీ వసారా మూలకే చేర్చింది. పొందికైన మనిషి మరి.

పదిన్నరకు ఐలేష్ హడావిడిగా వచ్చి సంచి ఎత్తాడు. ఎత్తలేకపోయాడు. "నడుము మల్ల వట్టేసింది," అనుకుని, పళ్లు బిగించి భుజాన వేసుకుని పోయాడు.

కరాటే స్కూలు ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. డప్పులు మోగుతున్నాయి. గోడలన్నీ ఫ్లెక్సీలే, ఒక్కోదాంట్లో వజ్రకాంత్ ఒక్కో దిక్కుకు తన్నుతున్నాడు. స్కూలు పెట్టిన జగదీశ్వర్ మాస్టర్ తెల్ల బట్టలేసుకుని పెళ్లికొడుకులా తిరుగుతున్నాడు. జంగమ్మ నర్మదను వెంటబెట్టుకుని ముందు వరుసలో కూర్చుంది. మల్లేష్ మైకు పట్టుకుని ఆమెనే చూస్తూ, "ఈ దినం కొందరి నోర్లు మూతవడతయి!" అని అరిచాడు.

"మూతవడేది నోరో, మంగలి దుకాణమో చూద్దాం తియ్," అంది జంగమ్మ. మంగలి దుకాణమాయన మూడో వరుసలోంచి ఈల వేశాడు.

ఐలేష్ వేదిక మీద సంచి మూతి విప్పాడు. లోపల నాచు పట్టిన నల్లటి పెంకులు. పై పెంకు మీద తెల్లగా కోడి రెట్ట. ఆ రెట్టను అతను గుర్తుపట్టాడు; ఆ కప్పు కోసమే కదా పది రోజులుగా గూడు, గూడు అని తిట్లు తింటున్నది. పెంకులు నాలుగూ రొమ్ముకు ఎదురుగా పట్టుకుని నిలబడ్డాడు. హీరో చేతులు తిప్పుకుంటూ దగ్గరికొచ్చాడు.

"సార్," అన్నాడు ఐలేష్ పెదవులు కదపకుండా, "ఇవి పెంకలు సార్."

"తెలుసయ్యా."

"కాదు సార్. నిజంగనే పెంకలు. కోళ్ల గూటియి."

వజ్రకాంత్ నవ్వు ముఖం మీదే ఉండిపోయింది, రంగు మాత్రం పోయింది. "నాకు కరాటే రాదయ్యా, ఐలేష్!"

"నాకెర్కే సార్."

"బెల్టు ఫొటో కోసం కట్టుకున్నాను. నేను నేర్చుకున్నది పన్నెండేళ్ల కూచిపూడి. కాలు అందుకే అంత పైకి లేస్తుంది. చేతికి ఏమీ రాదు!"

"చేతికి రాకున్న పర్వలేదు సార్. గొంతుకు వస్తది గదా. గట్టిగ ఒర్లి, జర తాకుండ్రి. పడుడు నా పని."

హీరో అరిచాడు. ఆ అరుపుకు సాగర్ రోడ్డు మీద పోతున్న బస్సు ఆగిందని తరువాత చెప్పుకున్నారు. పిడికిలి వచ్చి పెంకులకు తాకింది. పెంకులకు ఏమీ కాలేదు. ఐలేష్ మాత్రం ఫిరంగి గుండులా వెనక్కి లేచాడు. గాలిలో ఒక పల్టీ కొట్టాడు, పెంకులను తల మీదుగా వెనక ఉన్న రాతి మెట్ల మీదికి వదిలాడు, హీరో బొమ్మ ఉన్న ఫ్లెక్సీని చీల్చుకుని అవతల పడ్డాడు. సుక్కమ్మ పెంకులు నాలుగూ మెట్ల మీద నలభై ముక్కలయ్యాయి. పన్నెండేళ్లలో అంత అందంగా అతను ఏ సినిమాలోనూ పడలేదు.

డప్పులు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో ముందు లేచింది జంగమ్మ. కొంగు నడుముకు చుట్టి వేదిక ఎక్కి, హీరో చొక్కా పట్టుకుంది.

"ఓరి పాపిష్టోడా! నా అల్లుని పాణం దీసినవ్ గదరా! నా బిడ్డకు ఏడో నెలరా!"

"అమ్మా, నేను గట్టిగా కొట్టలేదమ్మా! నిజం చెబుతున్నా, అసలు కొట్టనే లేదు!"

"కొట్టకనె పది అడుగులు ఎగిరిండా? గట్లనా మనిషిని కొట్టుడు? గది చెయ్యా, సమ్మెటా?"

మల్లేష్ చేతిలో మైకు ఆన్‌లోనే ఉంది. ఆ మాటలు ఒక్కటి కూడా పొల్లుపోకుండా బస్టాండు దాకా వినిపించాయి. ఈగ కూడా చావదన్న చేయి సమ్మెట అని, అన్న నోటితోనే ఊరంతా విన్నది. జనం ఈలలు, డప్పులు ఒక్కసారిగా లేచాయి. వజ్రకాంత్ మాత్రం చొక్కా విడిపించుకోలేక జగదీశ్వర్ మాస్టర్ వెనక్కి పోయి నిలబడడానికి చూస్తున్నాడు. మాస్టర్ అంతకు ముందే తన కరాటే అంతా వాడి నర్మద వెనక్కి పోయాడు. నర్మద ఒక్కతే కంగారు పడలేదు. మొగుడు ఎట్లా పడితే తగిలినట్టో, ఎట్లా పడితే తగలనట్టో ఆమెకు తెలుసు.

జంగమ్మ చొక్కా వదిలి ఫ్లెక్సీ వెనక్కి ఉరికింది. ఐలేష్ వెల్లకిలా పడి ఉన్నాడు. అత్తను చూసి ఒక కన్ను తెరిచి, గీటి, మళ్లీ మూసుకున్నాడు. జంగమ్మ ఆగిపోయింది. మెట్ల మీది ముక్కలను చూసింది. నాచు చూసింది, రెట్ట చూసింది, తన అత్త పెంకులను గుర్తుపట్టింది. అప్పడం లెక్క తేలిన పెంకులు గుర్తొచ్చాయి. పొద్దుటి నుంచి జరిగినదంతా ఆ పెంకు ముక్కల్లోనే కనిపించింది.

మల్లేష్ పరుగున వచ్చి మైకు నోటి దగ్గర పెట్టాడు. "ఇప్పుడు చెప్పు పెద్దమ్మా! మా హీరోకు కొట్లాట వస్తదా, రాదా?"

జంగమ్మ బతుకులో ఇంత నిజం ఒక్కసారిగా నోట్లోకి ఎప్పుడూ రాలేదు. ఒక్క మాట చెబితే తాను గెలుస్తుంది, మల్లేష్ గడ్డం పోతుంది. దాంతోపాటే అల్లుడి పని పోతుంది. నర్మద కింద నుంచి తల్లినే చూస్తోంది, రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని.

"నలభై ఏండ్ల సంది గాలికి, వానకు, విరిగిపడ్డ కొమ్మకు పగలని పెంకలు బిడ్డా అవి," అంది జంగమ్మ మైకులో. "నా అత్త పెంకలు. నాకెర్కే వాటి సత్తువ. ఈ దినం పగిలినయి. ఇంక నేనేం చెప్పాలె?"

అందులో ఒక్క అబద్ధమూ లేదు. చేతి నొప్పికి వజ్రకాంత్ కళ్లు తుడుచుకున్నాడు. జనం భావోద్వేగం అనుకున్నారు. ఆ ఊపులోనే మైకు తీసుకుని, ఐలేష్ ఇక తన అసిస్టెంట్ ఫైట్ మాస్టర్ అని ప్రకటించాడు. ఐలేష్ వెంటనే కోలుకున్నాడు.

మధ్యాహ్నం హీరో జంగమ్మ ఇంట్లోనే కొర్రమట్ట పులుసు తిన్నాడు. కుడి చేయి వాచి బొప్పి కట్టడంతో ఎడమ చేత చెంచా పట్టుకున్నాడు. పెద్ద హీరోలు అట్లాగే తింటారని మల్లేష్ గుమ్మం దగ్గర నిలబడి అందరికీ చెప్పాడు. పోయేముందు అతనే ఫ్లెక్సీ ఒకటి చుట్ట చుట్టి జంగమ్మ చేతిలో పెట్టాడు.

"మాట అంటే మాటే పెద్దమ్మా."

"ఈడ వెట్టిపో. ఏడ కట్టాలెనో నాకెర్కే."

హీరో కారు మలుపు తిరిగిందో లేదో మిరుగు వాన మొదలైంది. అరగంటకు గూటిలోంచి ఒకటే గోల. పోయి చూస్తే కప్పు మీద పెంకులు లేవు. ఎర్రటి బురద కారుతోంది, దాని కింద అయిదు కోళ్లు హోలీ ఆడి వచ్చినట్టు నిలబడి ఉన్నాయి. జంగమ్మ అల్లుడి వైపు చూసింది. కొత్త అసిస్టెంట్ మాస్టర్ నడుము పట్టుకుని గోడ వైపు తిరిగాడు.

మరునాడు మల్లేష్ చేపల దుకాణమంతా వెతికి, ఫ్లెక్సీ కనిపించక ఇంటికొచ్చాడు. కోళ్ల గూటి మీద, నాలుగు మూలలా తాళ్లతో బిగించి, వజ్రకాంత్ ఆకాశాన్ని తన్నుతున్నాడు.

"ఏంది పెద్దమ్మా! మా హీరోను కోళ్ల మీద కప్పినవా?"

"కట్టుకుంటనన్న గని ఏడ కట్టుకుంటనో చెప్పిన్నా? పెంకలు పలగ్గొట్టింది ఆయనే గదా, వాటి జాగల ఆయనే ఉండాలె."

ఆ వానాకాలమంతా గూట్లోకి ఒక్క చుక్క దిగలేదు. వజ్రకాంత్ డూపు లేకుండా చేసిన పని ఇప్పటిదాకా అదొక్కటే.